గంజి పోసిన సబ్బు

ఎల్లమ్మక్క ఇంట్లో గంజి పారబోసుడు అనే ముచ్చటే లేదు. అన్నం వార్చిన ప్రతిసారి ఆ గంజికి ఏదో ఒక పని చెప్తది. పొద్దున ఉప్పేసుకొని తాగుతది, పప్పు పలుచనైతే అందులో పోస్తది, ఇంకా మిగిలితే బట్టలకు పెడుతది. ఆ ఇంటి తలుపుకున్న కర్టెన్‌ను మడత పెట్టరాదు, తీసి గోడకు ఆనించి నిలబెట్టుడే. బిడ్డ శ్రద్ధ చిన్నప్పుడు బడిలో కూచుంటే, ఆమె కూచున్న కొంచెం సేపటికి గాని ఆమె ఫ్రాకు కూచునేది కాదట. ఈ మాట శ్రద్ధనే చెప్తది.

ఈ గంజి పిచ్చి ఊకె రాలేదు. సిరిసిల్ల పక్కన ఊళ్లో ఎల్లమ్మక్క నాయిన చేమగ్గం నేసేటోడు. పొద్దున్నే వాడకట్టు పొడుగునా పడుగు సాపి, నూలుకు గంజి పట్టించి, కుంచెతో దువ్వేటోళ్లు. ఈమె అప్పుడు చిన్నపిల్ల, గంజి నిండిన బొగాణె పట్టుకొని నాయిన వెంట నడిచేది. గంజి పడితే నూలుకు సత్తువ వస్తది, పడకపోతే మగ్గం మీద పుటుక్కున తెగుతది. ఆ సంగతి ఆమె తలకు పట్టి అట్లనే ఎండిపోయింది. లోకంలో పలుచగ కనపడే దేనికైనా మందు గంజే అనుకుంటది.

ఇప్పుడు ఆమె ఉండేది ముంబై పక్కన భివండిలో, శాంతి నగర్ లోపలి గల్లీలో. నడిపేది భిస్సీ. సాంచెల మీద, అంటే కరెంటు మగ్గాల మీద పనిచేసే మగవాళ్లు చాలామంది పెండ్లాం పిల్లలను ఊళ్లో విడిచి వచ్చినోళ్లే. ఒక్క గదిలో కుక్కుకొని పడుకుంటరు. వండుకునేటందుకు జాగా ఉండదు, ఓపిక అసలే ఉండదు. అట్లాంటోళ్లకు నెలవారీగా రెండు పూటలు అన్నం పెట్టే ఇంటినే ఇక్కడ భిస్సీ అంటరు. ఎల్లమ్మక్క భర్త రాజమౌళి గూడ ఒకప్పుడు సాంచెలు నడిపినోడే. ఆ చప్పుడుకు చెవులు సగం పోయినయి, నిలబడి నిలబడి మోకాళ్లు పోయినయి. ఆయన ఇంట్లో కూచునుడే ఆలస్యం, అక్క పక్కింటోళ్ల పెద్ద వంట దేగిశ అడుక్కొచ్చి పొయ్యి ముట్టించింది. ఆ పొయ్యి మీద ఫస్టు అన్నం తిన్న మనిషి నర్సింగం. ఆయన గూడ సాంచెల మీదనే ముసలోడయ్యిండు. ఇప్పటికీ గోడ పక్కన అదే జాగాలో కూచుంటడు, ఇంకెవరన్న కూచుంటే నిలబడి చూస్తడు, వాళ్లే లేస్తరు.

నర్సింగం తప్ప మేమందరం ఆమెను అక్క అంటం, రాజమౌళిని బావ అంటం. నేను కాలేజీ ఇడిచిపెట్టినంక మా అమ్మ నాకు వండుడు బంద్ చేసింది. అప్పటినుంచి నేను గూడ ఆ తినేటోళ్ల వరుసలోనే కూచుంట.

భిస్సీలో అన్నంతో లొల్లి ఎప్పుడూ రాలే. లొల్లి అంతా చేతులతోటి. సాంచెల కాడి నుంచి వచ్చినోళ్ల చేతులంటే మోచేతుల దాకా ఆయిలు, గ్రీసు, దాని మీద దూది. ఇంటి ముందర డ్రమ్ములో నీళ్లు, పక్కన రాయి, రాయి మీద ఒక సబ్బు. మొదటోడు ముట్టుకోంగనే ఆ సబ్బు బొగ్గు అయితది. రెండోడు దాన్ని కడిగి తన చేతులు కడుక్కోవాలె. మూడోని చేతిలోంచి జారి మురికినీళ్ల నాలీలో పడుతది. మిగిలిన ముక్కను ఎలుక ఎత్తుకపోతది. చివర వచ్చినోళ్లు లుంగీకి తుడుచుకొని కూచుంటరు. ఒకనాడు నర్సింగం తన జొన్నరొట్టెను లైటు కింద పెట్టి చూపెట్టిండు.

"ఇగో, ఎవని వేలిముద్రో పడ్డది. పోలీసోళ్లకు ఇస్తె దొరకవడతడు."

"నీదే," అన్నది అక్క. "నీ బొటనవేలుకు గట్లనే గీత ఉంటది."

"నాదైతె మంచిదే గని, కళ కాడ ఇట్ల లేదు. ఆమె సీసా పెట్టింది. పైన ఇట్ల నొక్కితె సబ్బు అట్ల కారుతది. ఒకని మురికి ఒకనికి అంటదు."

కళ అంటే గల్లీ చివర ఇంకో భిస్సీ నడిపే ఆడమనిషి. ఒకప్పుడు ఎల్లమ్మక్క కాడనే రొట్టెలు చేసేది, తర్వాత సొంతంగ పెట్టుకుంది. కాబట్టి ఆమె పేరు ఆ ఇంట్లో అంటే పోపులో నీళ్లు పడ్డట్టే, చిటచిట మొదలైతది.

"నువ్వు ఆమె కాడికి ఎందుకు వోయినవు?" అన్నది అక్క.

"పోలే. దారిల చూసిన."

"దారిల చూస్తె సీసా నొక్కితె ఎట్ల కారుతదో కూడ తెలిసిందా?"

నర్సింగం రొట్టె తుంపి నోట్లో పెట్టుకున్నడు. ఆ వేలిముద్ర ఉన్న ముక్కనే.

అక్క సీసా సబ్బు కొనలేదు. కళ కొన్నదే తను గూడ కొంటే కళ వెనక నడిచినట్టయితదని ఆమె బాధ. ఇంట్లనే చేస్త అన్నది. శ్రద్ధ మరాఠీ బడిలో చదివిన పిల్ల, ధామన్కర్ నాకా కాడ మందుల దుకాణంలో పనిచేస్తది. ఫోన్‌లో ఒక వీడియో తీసి తల్లికి చూపెట్టింది. గట్టి సబ్బులు తురుమాలె, నీళ్లలో వేసి సన్నటి మంట మీద కరగబెట్టాలె, దించి చల్లారనియ్యాలె, సీసాల్లో పోసుకోవాలె. అంతే పని.

తురుముడు బావకు పడ్డది. ఆయన చాప మీద కాళ్లు చాపుకొని కూచొని, కిస్నీ మీద నిమ్మ వాసన సబ్బులు రుద్దుతుంటే తెల్లగ కొబ్బరి లెక్క రాలింది. గల్లీలో పోయే వెంకవ్వ తలుపులోంచి చూసి ఆగింది.

"ఏంది రాజమౌళీ, పండుగనా? లడ్డూలు చేస్తున్నరా?"

"ఆఁ, తింటవా?" అన్నడు బావ. ఆయనకు సగమే వినపడుతది గని, జవాబులు మాత్రం పూరా ఇస్తడు.

తురుము నీళ్లలో వేసి కలిపితే ఇల్లంతా స్నానాల గది వాసన. కరిగింది. అయితే నీళ్లలెక్కనే ఉంది. గరిటెతో ఎత్తితే జారిపోతుంది. అక్క ముఖం మాడింది.

"ఇదేంది బిడ్డా, ఇది సబ్బా, సబ్బు కడిగిన నీళ్లా?"

"అమ్మా, థాంబ్ నా, జర ఆగు!" అన్నది శ్రద్ధ, చెప్పులు తొడుక్కుంటూ. "వేడిమీద గట్లనే ఉంటది. రాత్రంతా మూత పెట్టి ఉంచు. చల్లగైతే ఆపోఆప్ గట్టిగైతది. నువ్వు దాన్ని ముట్టకు. ప్లీజ్."

శ్రద్ధ డ్యూటీకి పోయింది. బావ తురిమి తురిమి అలిసి పడుకున్నడు. అక్క ఒక్కతే ఆ దేగిశ ముందర కూచుంది. ఆమె బతుకులో ఏదీ ఆపోఆప్ కాలేదు. నీళ్లు మోస్తే వచ్చినయి, పొయ్యి ఊదితే మండింది, మొగడు పడుకుంటే తను లేచింది. ఇప్పుడు సబ్బు ఒక్కటి తనంతట తను గట్టిపడుతదంటే ఆమెకు నమ్మకం ఎక్కడిది? పక్కనే పొద్దున వార్చిన గంజి, చిక్కగ, తెల్లగ, మీగడ కట్టి ఉంది. పోసింది. గిరగిర తిప్పింది. సబ్బు అప్పటికప్పుడే చిక్కబడ్డది. నాయిన పడుగుకు పట్టించే పాకం ఎట్లుండెనో అట్లనే వచ్చింది.

శ్రద్ధ వచ్చి చూసి, "అరే వా, బన్ గయా!" అన్నది. అక్క గంజి మాట ఎత్తలేదు. దాచిపెట్టాలని గాదు, అందులో చెప్పేదేముందని. కూరలో ఉప్పు వేసిన్నని చెప్తమా?

నాకా మీది దుకాణంల నొక్కుడు మూతల సీసాలు తెచ్చిండ్రు. ఒక దాన్ని అక్క డ్రమ్ము పక్కన మేకుకు, తెగిన పడుగు నూలు పేని, దొంగలు ఎత్తుకపోకుండ కట్టింది. మేం వరుస కట్టి నొక్కినం. నురుగు మంచిగనే వచ్చింది. గ్రీసు వదిలింది. సాగర్ అని నా వయసోడు ఒకడు, చేతులు చూసుకొని, "అక్కా, ఈ చేతులు నావేనా?" అన్నడు. నర్సింగం మూడుసార్లు కడుక్కున్నడు.

"కళ సబ్బు గిట్లుంటదా?" అన్నది అక్క.

"దారిల చూసినోనికి ఏం తెలుస్తది," అన్నడు నర్సింగం.

అక్క మాత్రం ఆ సీసా ముట్టలే. ఆమె చేతులు కడుక్కునేది వంటింట్లో, తన పాత సబ్బు ముక్కతోటి.

కొన్ని దినాలు ఖుషీగ నడిచింది. వానలు ఇంకా రాలే. ఎండ సీసా మీద పడుతుంది, సీసా లోపల గంజి తన పని తను చేసుకుంటుంది. పుల్ల వాసన మొదలైనప్పుడు మేం నిమ్మకాయ అనుకున్నం. పక్కనే నాలీ, అది మామూలుగనే కంపు కొడుతది గనుక దాని ఖాతాలో వేసినం. చేతులు కడిగేది గూడ చెంబెడు నీళ్లతోటి, వెనకోడు తోస్తుంటే. ఆ జిగురు వేళ్ల సందుల్లో అట్లనే ఉండేది. ఆ చేతితో అన్నం కలిపి, ముద్ద చేసి, ముక్కు కిందికి తెచ్చుకుంటే ఏమైతది?

ఫస్టు నర్సింగమే అన్నడు.

"ఎల్లమ్మా, అన్నం పులిసిందా ఏంది?"

భిస్సీ నడిపే మనిషిని తిట్టాలంటే అమ్మ అక్క తిట్లు అవసరం లేదు, ఈ ఒక్క మాట చాలు. అక్క వంటింట్లోంచి గరిటెతోనే వచ్చింది. గిన్నెలోంచి అన్నం తీసి నోట్లో వేసుకుంది.

"ఇప్పుడే దించిన అన్నం! పొగ లేస్తుంది, కనవడ్తలేదా? నీ ముక్కుల గ్రీసు వోయింది."

మర్నాడు ఇంకో ఇద్దరన్నరు. ఆ మర్నాడు వరుస వరుసే వాసన చూసుకుంట తిన్నరు. అక్క బియ్యం మార్చింది. నిజాంపురా కిరాణా దుకాణానికి పోయి, బియ్యం అమ్మేటాయనతో గల్లీ అంతా వినేటట్టు జగడం పెట్టుకుంది. ఆయన గుప్పెడు బియ్యం తన నోట్లో వేసుకొని నమిలి మింగి చూపెట్టిండు. దేగిశలన్నీ చింతపండుతో తోమింది. మామిడికాయ తొక్కు జాడీ ఖాళీ చేసింది. బావను పిలిచి ఒక్కొక్క గిన్నె వాసన చూడుమన్నది. ఆయన వంగి వంగి అన్నిట్లో ముక్కు పెట్టి, చివరకు "ఆకలైతుంది," అన్నడు.

బియ్యం కాదు, గిన్నెలు కాదు. ఇగ మిగిలింది కళనే. అక్క గల్లీ చివరి దాకా పోయి, నడుముకు కొంగు చుట్టి నిలబడ్డది.

"నా అన్నం మీద మన్ను వోస్తున్నవ్ గదనే! నా దగ్గర రొట్టె నేర్చుకొని, నా మనుషుల చెవుల్ల ఊదుతున్నవా?"

కళ పిండి చేతులతోనే బయటికి వచ్చింది.

"నీ అన్నం పులిస్తె నా మీదికెందుకు వస్తున్నవ్ అక్కా? నేనేమన్న నీ గిన్నెల కూసున్ననా?"

చూసేటోళ్లు నవ్విండ్రు. ఆ నవ్వు వినుకుంట అక్క ఇంటికి వచ్చి, తోమిన దేగిశలే మళ్లీ తోమింది.

నవ్వే సంగతి గాదది. భిస్సీకి కొత్త నెల మొదలైతుంది. నెల పగారు చేతిల పడ్డ దినం తినేటోళ్లు తేల్చుకుంటరు, వచ్చే నెల ఏ ఇంట్లో అని. సగం మంది కళ పేరు తీస్తున్నరు. నర్సింగం ఇంకా ఏమీ అనలే. అయితే ఆయన లేస్తే వరుసంతా లేస్తదని అందరికీ తెలుసు. గోడ పక్కన ఆయన కూచునే జాగా ఖాళీ అయితే ఇల్లు ఎట్ల గడుస్తది? బావ మోకాళ్లు బాగుపడవు, అక్కకు ఇంకో పని రాదు. ఇన్నేండ్లు నిలబెట్టుకున్న పేరు పులిసిన అన్నం అనే మాట కింద పోతది. అందుకే పగారు ముందు సాయంత్రం ఆమె సన్నబియ్యం వండింది. పప్పుచారులో ఇంగువ దండిగ వేసింది. వంటింటి గుమ్మంలో నిలబడి, మా ముఖాలు చూస్తుంది. మేం ముద్ద ఎత్తినం. ముక్కు ముడుచుకుంది. ఏం చేస్తం, దాచినా దాగేది గాదు.

నర్సింగం కంచం కొంచెం ముందుకు జరిపిండు.

"ఎల్లమ్మా, నేను తిట్టుతలేను. గని ముద్ద లోపలికి వోతలేదు."

అప్పుడే పక్కనుంచి సాగర్, "అక్కా, ఇంకొంచెం అన్నం, పప్పుచారు గూడ," అన్నడు.

అందరం వాని దిక్కు చూసినం. రెండు దినాల కింద వాని కుడిచేతికి సాంచెల అటిటు ఉరికే నాడె తగిలి వేళ్లు చితికినయి. చేతికంతా పట్టీ. ఎడమ చేత్తో చెంచా పట్టుకొని తింటున్నడు. చేతులు కడుక్కునే పనే లేదు వానికి.

"వాసన వస్తలేదారా నీకు?" అన్నడు నర్సింగం.

"ఏం వాసన? మస్తుంది కాకా."

"నాడె చేతికే తగిలిందా, ముక్కుకు గూడ తగిలిందా?"

వరుసంతా నవ్వింది. అక్క నవ్వలే. సాగర్ కంచం చూసింది, వాని చెంచా చూసింది. గబగబ వచ్చి నర్సింగం చెయ్యి పట్టుకొని, అన్నం మెతుకులతోనే ముక్కు కాడికి తెచ్చుకుంది. వదిలేసింది. నా చెయ్యి పట్టుకుంది. నా పక్కోనిది పట్టుకుంది. డాక్టరు నాడి చూసినట్టు వరుస పొడుగునా చేతులు వాసన చూసుకుంట పోయింది. ఆ తర్వాత డ్రమ్ము కాడికి పోయి, సీసా నొక్కి, అరచెయ్యి ముక్కుకు పెట్టుకుంది.

అక్కడ ఆమె మెల్లగ సీసా తెంపి నాలీలో పడేసి ఉంటే ఎవ్వలికీ తెలిసేది గాదు. ఎండ, గాలి, బియ్యం, ఏదో ఒకటి చెప్పి గడుపుకోవచ్చు. ఆమె మాత్రం సీసాను పడుగు నూలుతో సహా పీక్కొని, జెండా లెక్క పైకెత్తి పట్టుకొని లోపలికి వచ్చింది.

"నా అన్నం పులువలే! ఇనుండ్రి అందరు! పులిసింది సబ్బు!"

గెలిచినోళ్లు అట్ల అరుస్తరు. మాకు ఒక్క నిమిషం ఏం అర్థం గాలే.

"ఆ సబ్బు ఎవలు చేసిండ్రు?" అన్నడు నర్సింగం.

"నేనే. అయితె ఏంది? సబ్బు తింటున్నరా మీరు?"

"సబ్బెట్ల పులుస్తది?" అన్నడు సాగర్.

ఇట్లాంటి టైముల బావకు మాత్రం అన్నీ వినపడుతయి. మూలకు కూచొని ఉల్లిగడ్డలు కోస్తున్నోడు తల ఎత్తిండు.

"గంజి వోసినవా?"

అక్క సీసా దించింది.

"కొంచెం."

"ఎంత కొంచెం?"

"బొగాణెడు."

బావ మళ్లీ ఉల్లిగడ్డల మీదికి పోయిండు. "నూలు అయితె తెగకపోవు," అన్నడు.

అప్పుడు లేచిన నవ్వుకు సాంచెల చప్పుడు గూడ చిన్నగైంది. అక్క అందరినీ లేపింది. తన వంటింటి సబ్బు ముక్క తెచ్చి, ఒక్కొక్కని చేతులు తనే చెంబుతో నీళ్లు పోసి కడిగించింది. మళ్లీ కూచోబెట్టి, మళ్లీ వడ్డించింది. నర్సింగం ముద్ద ఎత్తి, ముక్కు కాడ ఆపి, నోట్లో పెట్టుకున్నడు. ఇంకోటి కలిపిండు. ఇంగువ జర ఎక్కువైందన్నడు. తిని లేచిపోయిండు. వచ్చే నెల సంగతి చెప్పలే. అక్క గూడ అడుగలే.

ఆ రాత్రే మళ్లీ సబ్బు కరిగింది. తురుముడు మళ్లీ బావనే. దించి మూత పెట్టంగనే శ్రద్ధ ఆ మూత మీద రోకలి పెట్టింది, దాని ముందర తన పక్క పరుచుకుంది.

"ఒక్కసారి చూస్త బిడ్డా, గట్టిగైతుందా లేదా అని."

"నై."

"గరిటెతో ఒక్కసారి..."

"అమ్మా, ఆపోఆప్!"

పొద్దున మూత తీస్తే దేగిశలో మీగడ లెక్క గడ్డ కట్టి ఉంది, గరిటె నిలబడేటంత. కొంచెం నీళ్లు కొట్టి చిలికితే సరిగ్గ వచ్చింది. అక్క దాన్ని చాలాసేపు చూసింది. వేలుతో తీసి వాసన చూసింది. శ్రద్ధ మాత్రం పళ్లు తోముకుంట మూడుసార్లు పాట లెక్క అన్నది, ఆపోఆప్, ఆపోఆప్ అని. తల్లి చీపురు ఎత్తేదాక ఆపలే.

కొత్త సబ్బు సీసాల్లో మొదటిది డ్రమ్ము కాడికి గాదు, గల్లీ చివరికి పోయింది. అక్క కళ గుమ్మంలో నిలబడి సీసా ముందుకు చాపింది. తప్పయిందని ఆమె నోట ఎన్నడూ రాలే, ఆ దినం గూడ రాలే.

"ఇగో. ఇంట్ల చేసిన. వాడుకో."

కళ తీసుకుంది. మూత తిప్పి, కండ్లు మూసుకొని, గట్టిగ వాసన పీల్చింది.

"గంజి లేదు గద అక్కా?"

గల్లీ అంతటికీ అప్పటికే తెలిసిపోయింది మరి. అక్క మూతి తిప్పుకొని వచ్చింది. కొంచెం దూరం వచ్చినంక నవ్వింది, కళకు కనపడకుండ.

ఆ పూట పగారు పడ్డది. సాంచెలు ఆగి, మనుషులు గల్లీలోకి వచ్చిండ్రు. డ్రమ్ము కాడ సీసా మళ్లీ నూలుకు కట్టి ఉంది. అక్క పొయ్యి ముందర కూచొని, వాకిలి దిక్కు చూడనట్టు చూస్తుంది. కొందరు చేతులు కడుక్కొని వచ్చిండ్రు. కొందరు గల్లీ చివరి దిక్కు చూసుకుంట నిలబడ్డరు, నర్సింగం ఎటు పోతడో చూద్దమని. ఆయన నిదానంగ వచ్చి సీసా నొక్కి, మోచేతుల దాకా రుద్దుకొని, ఇంకోసారి నొక్కి, నీళ్లు దండిగ పోసుకొని కడుక్కున్నడు. లోపలికి వచ్చిండు. తన జాగాలో కూచోకుండ సీదా పొయ్యి కాడికి పోయి, అక్క ముక్కు ముందర అరచెయ్యి పెట్టిండు.

"చూస్కో ఎల్లమ్మా. పాసైందా?"

అక్క నిజంగనే వాసన చూసింది. చెయ్యి వెనక్కు తిప్పి గూడ చూసింది.

"కూసో పో. అన్నం చల్లారుతుంది," అన్నది.

ఆయన పోయి గోడ పక్కన కూచున్నడు. వాకిట్లో నిలబడ్డోళ్లు ఒక్కొక్కరే సీసా దిక్కు నడిచిండ్రు. ఆ పూట పప్పుచారు బాగ చిక్కగుంది. అందులో ఏం పోసిందని మేం ఎవ్వలం అడుగలే.